చేతికర్రకు పువ్వు

వదిన పని పువ్వులతో ఆడుకోవడమేనని మరిది చాలాకాలం అనుకున్నాడు. అతనిది మోటారు వైండింగ్ పని. కాలిపోయిన మోటారు విప్పి, వెంట్రుకంత రాగితీగను వరస తప్పకుండా చుట్టడంలో చేయి తిరిగినవాడు. కోటుకు పెట్టుకునే చిన్న పూలగుత్తికి తీగ చుట్టడం ఏపాటి పని, తలుచుకుంటే ఎడమచేత్తో చేసేస్తానని అన్నయ్యతో అంటుండేవాడు. లారీ నడిపే అన్నయ్య నవ్వి ఊరుకునేవాడే గానీ, ఆ మాట భార్య చెవిన వేసేవాడు కాదు.

ఒక శనివారం వదిన కొట్లో పూలు పెట్టే ఫ్రిజ్ ఆగిపోయిందని కబురొస్తే వెళ్లాడు. చూస్తే ఆమె కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ కట్టు ఉంది. పొద్దున షట్టరు జారి చేతిమీద పడిందట. పులిమీద పుట్రలా, మర్నాడు ఉదయానికే ఒక పెళ్లికి పూలు ఇవ్వాలి. పెళ్లికొడుకు కోటుకు, ఇద్దరు తండ్రుల కోట్లకు, తల్లుల మణికట్లకు. అన్నయ్య లోడుతో దూరం వెళ్లాడు. తెలిసిన పూలకొట్లవాళ్లంతా ఎవరి పెళ్లిళ్ల పనుల్లో వాళ్లు తలమునకలుగా ఉన్నారు.

ఫ్రిజ్ బాగుచేశాక మరిది సబ్బుతో చేతులు కడుక్కొచ్చి, తను చుడతానన్నాడు. వదిన అతని మొహంలోకి చూసి, స్టూలు ముందుకు జరిపింది.

మొదటి గులాబీ మెడ పుటుక్కున విరిగింది. తర్వాతిదానికి తీగ, పువ్వు అడుగున ఉన్న ఆకుపచ్చ బుడిపెలో దూరాల్సింది పోయి రేకులోంచి బయటికొచ్చింది. ఆ తీగమీద చుట్టే టేపు మరీ మొండిది. ఊరికే ముట్టుకుంటే అంటుకోదు, లాగితేనే దాని జిగురు బయటపడుతుంది. తక్కువ లాగితే ఊడుతుంది, ఎక్కువ లాగితే తెగుతుంది. అతనికి తలప్రాణం తోకకొచ్చింది.

"బిగించడం నీకు బాగా వచ్చు, మరిదిగారూ. ఇక్కడ అదే చిక్కు," అంది వదిన. "మోటారుకి నొప్పేంటి. ఇదింకా ప్రాణంతో ఉంది. తీగ దానికి ఆసరాగా ఉంటే చాలు."

టేపు కొస అతన్ని పట్టుకోమని, ఎడమచేత్తో పువ్వును మెల్లగా తిప్పింది. తిరగాల్సింది పువ్వే, టేపు కాదు. ఆమె తిప్పుతున్నకొద్దీ టేపు ఏటవాలుగా కిందికి దిగుతూ తీగను కప్పేసింది. కాడ ఎక్కడ ఆగిందో, తీగ ఎక్కడ మొదలైందో అతను ఎంత వెతికినా తెలియలేదు. ఆకు వెనకవైపు ఈనె దగ్గర తీగతో చిన్న కుట్టు వేయించి, దాన్ని కాస్త వంచింది. పక్కనుంచి గాలి తగిలినట్టు ఆకు పువ్వువైపు ఒరిగింది. అలవాటైన కుడిచెయ్యి కూడా కాదు, ఎడమచెయ్యి.

చీకటి పడే వేళకు అతని చేతికి పని లొంగింది. అప్పుడు వదిన సన్న తెల్లపూలు కొన్ని ఏరి, ఇవి పెళ్లికూతురి అమ్మమ్మగారి చేతికర్రకు అంది. చేతికర్రకు పువ్వేమిటని అడిగాడు.

"ఆర్డరు ఇవ్వడానికి వచ్చినప్పుడు చూశాను. ఆవిడ చర్మం ఉల్లిపొరలా ఉంది, ఆసుపత్రిలో సూదులు గుచ్చినచోటల్లా కమిలిపోయింది. మణికట్టుకి కడితే ఒరుసుకుంటుంది, పిన్ను పెడితే భయం. నాకేం వద్దులే అమ్మా అంది. అందరికీ ఉండి ఆవిడకి లేకపోతే ఏం బావుంటుంది? కర్రనైతే ఎలాగూ వదలదు."

ఆవిడ పిడిని ఎలా పట్టుకుంటుందో కూడా వదినకు గుర్తుంది. అందుకే పువ్వు వేళ్లకు తగలకుండా పిడికి బెత్తెడు కిందుండాలంది. తీగ కొసలన్నీ లోపలికి మడిచి, పైన టేపు రెండుసార్లు చుట్టించింది. చివరికి దాన్ని తన మణికట్టు లోపలివైపు మెత్తటిచోట రాసి చూసుకుని, పరవాలేదంది. ఇన్నాళ్లూ తను ఆటంటూ వచ్చింది ఈ పనినేనా అని అతను తల దించుకుని టేపు ముక్కలు ఏరాడు.

మర్నాడు తడి కాగితాలు పరిచిన పెట్టెను ఇద్దరూ పెళ్లి హాలుకు తీసుకెళ్లారు. కోట్లకు పువ్వులు అతనే పెట్టాడు. వదిన మాత్రం అమ్మమ్మగారి ముందు మోకాళ్లమీద కూర్చుని, కర్రకు రిబ్బను ఎడమచేత్తోనే ముడి వేసింది. ఆవిడ కర్రను అటూ ఇటూ తిప్పి, పువ్వు అందరికీ కనబడేలా పెట్టుకుని, వెన్ను నిటారుగా చేసుకుని లేచింది. ఫొటోలు తీసేటప్పుడు మాత్రం, "కర్ర కూడా పడేలా తియ్యి నాయనా," అని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

తిరిగొచ్చాక కొట్లో నేల తుడుస్తూ మరిది, వచ్చేవారం కూడా పెళ్లిళ్లున్నాయా అని మెల్లగా అడిగాడు. ఉన్నాయి, వేళ్లు మానేదాకా రోజూ సాయంత్రం రమ్మంది.

"మానిన తర్వాతో?"

"వస్తానంటే కాదంటానా. ముందు ఆ గోళ్లు తీసుకో. నిన్న సగం రేకులు వాటికే చిరిగాయి."

అతను గుమ్మంలో కూర్చుని గోళ్లు తీసుకున్నాడు. లోపల వదిన కొత్తగా వచ్చిన పూలను బకెట్లో పెడుతూ, దేనికి ఎంత లావు తీగ వాడాలో వివరంగా చెప్పడం మొదలుపెట్టింది.