పాలు పొంగని ఇళ్ళు

మా అత్తగారు ఈశ్వరమ్మతో వేగలేను. నేను చేసిన ఏ చెత్తనూ గడప దాటనివ్వరు. మా ఆయన వికారాబాద్ నుంచి తెచ్చిన టీ పెట్టెల చెక్కతో నేను మొదలుపెట్టి వదిలేసిన బొమ్మరిళ్ళు తాండూరులో మా ముందుగదిని ఆక్రమించాయి. ఒక్కటైనా పూర్తి కావాలంటే మిగతావి వెళ్ళాల్సిందే.

“ఇల్లు ఇచ్చేస్తే లచ్చిమి పోతది బిడ్డా!”

“పాలు పొంగియ్యంది ఇల్లెట్లయితది అత్తమ్మా? గివి ఉత్త పెట్టెలే.”

ఆమె అడ్డుపడేలోపే, ఒక్కటి ఉంచుకుని మిగతావాటిని పక్కింటి అష్రఫున్నీసా పిల్లలకు పంచేశాను. అత్తగారు అలిగారు. మిగిల్చుకున్న ఇంటికి నేను నాపరాయి ముక్కలతో నేల పరిచి, తలుపులు బిగించాను.

దసరానాడు అత్తగారే చిన్న గిన్నెలో పాలు పొంగించి ఆ బొమ్మరింటి ముందు పెట్టారు.

“నాదే తప్పు బిడ్డా. గన్ని ఉన్నప్పుడు ఒక్క ఇల్లు గూడ లేకుండె.”