అప్పలసూరి చెప్పిన సినిమా

నోటి దురుసుతో కాపురాలు కూల్చుకున్నవాళ్లను చాలామందిని చూశాను. కాపురం మొదలుకాకముందే, అదీ ఒక సినిమా గురించి వాగిన మాటకు పోగొట్టుకున్నదాన్ని మాత్రం నేనొక్కర్తినే. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్లు. మా మేనత్త కూర్మమ్మ కొడుకు అప్పలసూరికి నన్ను ఇస్తామని నేను పుట్టిననాడే అనుకున్నారట. వాళ్లు అనుకోవడం సంగతి అలా ఉంచండి, నాకే బావంటే ప్రాణం. ఆ మాట అతనితో ఎన్నడూ అనలేదు. ఇంట్లో ఉన్న దీపాన్ని నువ్వు మా దీపానివేనా అని ఎవరైనా అడుగుతారా?

మా ఊరు శ్రీకూర్మం దాటి రెండు మైళ్లు. ఇది అరవై ఎనిమిది నాటి మాట. సినిమా చూడాలంటే శ్రీకాకుళం వెళ్లాలి. మ్యాట్నీ రెండున్నరకని బోర్డు మీద రాసి ఉండేది గానీ, వార్తల రీలూ పళ్లపొడి ప్రకటనలూ అయి అసలు బొమ్మ పడేసరికి మూడు దాటేది. మా వైపు ఆఖరి బస్సు ఐదున్నరకి. అంచేత మా ఊళ్లో ఏ ప్రాణీ ఏ సినిమానీ ఆఖరిదాకా చూసిన పాపాన పోలేదు. విలన్ హీరోయిన్ని ఎత్తుకుపోయి గుహలో కట్టేయగానే మేము లేచి, చెప్పులు వెతుక్కుని, బస్సుకోసం పరుగు తీసేవాళ్లం.

దానివల్ల మాకొక అలవాటు పడింది. చూసొచ్చినవాళ్లు మర్నాడు పని దగ్గర కథ చెప్పాలి, తాము లేచొచ్చేసిన చోట ఆపాలి. అక్కణ్ణించి పనిలో ఉన్నవాళ్లంతా వరసగా తలో ముగింపూ చెప్పాలి. ఎవరిది నలుగురికీ నచ్చితే మా ఊరికి అదే ఖాయం. తర్వాత ఏ పట్నంవాడో వచ్చి, కాదు, ఆఖర్న ఇలా జరిగిందని చెప్పినా మేము ఒప్పుకునేవాళ్లం కాదు.

ముసలి గురమ్మ ముగింపులన్నీ ఒకటే. రోగాలు నయమవుతాయి, పెళ్లవుతుంది, అందరూ పులిహోర తింటారు. "అంత డబ్బెట్టి టిక్కెట్టు కొనుక్కున్న జనం ఏడుత్తా ఇంటికెల్తారేటి?" అనేది. నాకు మాత్రం తీర్పులు చెప్పడం సరదా. హీరోయిన్ పొలంలో వరినాట్లు ఊడుస్తుంటే చీరకి చుక్క బురద అంటలేదని విని, "అది ఊడుస్తందా, పేరంటానికెల్తందా?" అన్నాను. యాభై ఏళ్ల హీరో పుస్తకాలు చంకన పెట్టుకొచ్చి, అమ్మా నేను పాసయ్యాను అన్నాడంటే, "మనవడు పాసయ్యుంటాడు, ముసిలోడికి మతి తప్పింది" అన్నాను. అందరికంటే గట్టిగా బావే నవ్వేవాడు. ఉన్నమాట చెప్తున్నాను, అతను నవ్వుతాడనే నేను అలా మాట్లాడేదాన్ని. ఎవరిమీద ఎంత కటువుగా అంటే అంత నవ్వు.

సంక్రాంతి వెళ్లగానే మా పెళ్లి అనుకున్న ఆ ఏడు, కార్తీకంలో గోగు పని జరుగుతోంది. నారకోసం వేసిన గోగు కోసి, కట్టలు కట్టి, మేము గెడ్డ అనే ఊరి వాగు నీళ్లలో ఇరవై రోజులు ఊరేస్తారు. తొక్క కుళ్లాక మగవాళ్లు కట్టలు గట్టుకి లాగితే, ఆడవాళ్లం కూర్చుని నార తీస్తాం. ఆ కంపు ఒంటికి పట్టిందంటే వారం రోజులు వదలదు. కబుర్లు లేకపోతే ఆ పని చెయ్యలేం.

ఒకరోజు కట్ట దింపుతుంటే పుల్ల గీసుకుని బావ ముంజేతి నుంచి నెత్తురు కారుతోంది. అతను చూసుకోనేలేదు. నేను కేకేస్తే చూసుకున్నాడు.

"నొప్పెట్టడంలేదేటి బావా?"

"మగోణ్ణే నాను" అని నవ్వాడు. నవ్వాక ఆ చేతిని చాలాసేపు తిప్పి తిప్పి చూసుకున్నాడు. మర్నాటి నుంచి పొడుగు చేతుల చొక్కా తొడిగాడు. నీళ్లలో పనికి ఆ చొక్కా ఏమిటి, హీరోవనుకుంటున్నావా అని నేనే వెక్కిరించాను.

తర్వాత వచ్చిన మంగళవారం, సినిమాకని చెప్పి ఒక్కడే శ్రీకాకుళం వెళ్లాడు. ఎప్పుడూ ఇద్దరు ముగ్గుర్ని వెంటేసుకుని వెళ్లేవాడు. బుధవారం గెడ్డ దగ్గర అందరం చుట్టూ చేరి కథ చెప్పమన్నాం. చెప్పాడు.

రైలింజన్లో బొగ్గు వేసే కుర్రాడట. మేనమామ కూతురంటే ప్రాణమట. ఇంకో రెండు నెలల్లో పెళ్లనగా వాడికి చూపు మసకబారుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్తాడు. మందు వాడితే తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు, రెండు కళ్లూ పోయినా పోవచ్చు అంటాడు డాక్టరు. ఆ పిల్లకి చెప్పాలా, దాచి పెళ్లి చేసుకోవాలా అని కుర్రాడు రాత్రంతా నిద్రపోడు. తెల్లారి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేస్తాడు.

"ఆ పిల్ల నోరు తెరిచిందో లేదో నాకు బస్సుకి టైమైపోయినాది" అన్నాడు బావ.

"పాటల్లేవేట్రా సూరీ?" అంది గురమ్మ. ఏ సినిమా చూసొచ్చినా అతను పాటలన్నీ పాడి వినిపించేవాడు.

"ఉన్నాయి. గుర్తులేవు."

వరసగా ముగింపులు మొదలయ్యాయి. గురమ్మ ఎప్పట్లాగే చూపు రప్పించి పులిహోర పెట్టించింది. ఇంకొకరు ఆ పిల్ల తన కన్ను ఒకటి ఇచ్చేస్తుందన్నారు. నా వంతు ఎప్పుడూ ఆఖర్న. మిగతావాళ్లు చెప్తున్నంతసేపూ నీళ్లలో కట్టలు లాగుతున్న బావ, నా వంతు వచ్చేసరికి పని ఆపాడు.

"నువ్వు సెప్పు నీలేణీ. ఆ పిల్ల ఏటనాల?"

"ఏటంటాది? కళ్లు లేనోడికి కర్ర కావాల గానీ పెళ్లామెందుకు అంటాది."

గట్టంతా గొల్లుమంది. నాకు ఊపొచ్చింది. "ఆ గుంటకేటి కరమ? తాళి కట్టించుకుని జీవితమంతా ఆడికి దారి సూపించుకుంటా తిరగాలేటి?"

"మరి ఆడు దాసలేదు కదే. ముందే సెప్పేసినాడు."

"సెప్పినాడంటే ఆడికీ తెలుసన్నమాట, అడక్కూడదని. మంచోడైతే సెప్పి నిలబడిపోడు. తప్పుకుంటాడు."

"అదే ఖాయం! నీలేణిదే ఖాయం!" అని అరిచారు అందరూ. బావ కూడా నవ్వాడు. "నీదే నెగ్గినాదే" అని మళ్లీ కట్టల మీదికి వంగాడు. అతన్ని నవ్వించానని నేను ఆ పూట ఎంత పొంగిపోయానో తలుచుకుంటే ఇప్పుడు నన్ను నేనే చెప్పుచ్చుకు కొట్టుకోవాలనిపిస్తుంది.

శుక్రవారానికి బావ ఊళ్లో లేడు. ఏదో జనపనార మిల్లులో పని దొరికిందని, వెంటనే రమ్మంటే వెళ్లిపోయాడని అత్త చెప్పింది. నాతో ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్లాడని ఒళ్లు మండిపోయింది. వచ్చాక పది రోజులు పలకనని ఒట్టు పెట్టుకున్నాను. నెల దాటింది. ఉత్తరం లేదు. కోపం కాస్తా బెంగ అయింది.

బెంగ తీర్చుకోవడానికి నాకు తోచింది ఒక్కటే. బావ ఆఖరిసారి చూసిన ఆ సినిమా నేనూ చూడాలి. ఈసారి బస్సు తప్పినా సరే, ఆ పిల్ల ఏమందో చూసే రావాలి. గురమ్మని తోడు తీసుకుని శ్రీకాకుళం వెళ్లాను. టిక్కెట్లిచ్చే ఆయన్ని, బొగ్గు కుర్రాడి సినిమా ఇంకా ఆడుతోందా అని అడిగాను.

"బొగ్గు కుర్రాడేటి? దీపావళి నుంచి ఈ హాల్లో కృష్ణుడి బొమ్మే ఆడతన్నాది."

రెండో హాలుకి వెళ్లాం. అక్కడా అంతే. అప్పట్నించీ కత్తియుద్ధాల సినిమా. కళ్లు పోయే కుర్రాడి బొమ్మ ఈ జిల్లాలోకే రాలేదన్నారు.

"మరి సూరిగాడు ఏటి సూసినాడే?" అంది గురమ్మ.

నేను హాలు మెట్ల మీద కూర్చుండిపోయాను. మేనమామ కూతురు. రెండు నెలల్లో పెళ్లి. నెత్తురు కారుతున్నా నొప్పి తెలియని చెయ్యి. అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి.

ఊరు చేరగానే అత్త ఇంటికి పరిగెత్తాను. తలుపు దగ్గరే పట్టుకుని, బావకేమైందో చెప్పమన్నాను. ఆవిడ ముందు బుకాయించింది. తర్వాత చెంగు నోట్లో కుక్కుకుని ఏడిచింది.

"ఆ మంగళారం ఆడు ఆస్పత్రికెల్లినాడే. సేతి మీద మచ్చ. సూదెట్టి పొడిసినా తెలీలేదంట. పెద్దరోగమన్నారు. నాలుగైదేళ్లు బిళ్లలు తింటే తగ్గుతాదంట. ఊళ్లో తెలిస్తే గెడ్డలో దిగనిస్తారేటే? అందుకే మిల్లని సెప్పినాను. ఇజీనారం అవతల ఆస్పత్రిలో ఉన్నాడు."

"నాకెందుకు సెప్పలేదత్తా?"

"సెప్తాననే బయల్దేరినాడమ్మా. ఎదురుగా అడగలేను, మరోలాగ అడుగుతానన్నాడు. గెడ్డ కాడ్నించి తిరిగొచ్చి, 'ఇంకక్కర్లేదు, దాని మనసు తెలిసిపోయినాది' అన్నాడు. నువ్వేటన్నావే ఆడితో?"

నేనేమన్నానో అత్తకి చెప్పలేకపోయాను. ఈనాటి వరకూ చెప్పలేదు.

విజయనగరం దగ్గరి రామతీర్థం దర్శనానికి అత్తకి తోడు వెళ్తానని నాన్నకి అబద్ధం చెప్పి బయల్దేరాను. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు పోగేసుకున్నాను. ఆ కుష్ఠురోగుల ఆసుపత్రి ఊరికి దూరంగా సరుగుడు తోటలో ఉంది. వేళ్లు లేని ఒక ముసలాయన ఆవరణ ఊడుస్తున్నాడు. ఆయన పక్కనుంచి వెళ్లేటప్పుడు నేను కొంగు దగ్గరికి లాక్కున్నాను. ఆయన చూశాడు.

బావ ఒక బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లు చేశాడు. నన్ను చూడగానే లేవబోయి, ఆగి, పక్కకి జరిగి చోటిచ్చాడు. అత్త డాక్టరమ్మతో మాట్లాడాలని లోపలికి వెళ్లింది.

"నా బొమ్మ కోసం శ్రీకాకుళమంతా తిరిగినావంట?" అన్నాడు నవ్వుతూ. అత్త ముందే కబురు చేసినట్టుంది.

నేను పోగేసుకున్న మాటలన్నీ ఒక్కసారే వచ్చేశాయి. "నానన్నది సినిమా గురించి బావా. నీ గురించి కాదు. నీ గురించని తెలిస్తే అలాగంటానేటి?"

"అనవు. అందుకే అలాగ అడిగినాను." అతని గొంతులో నిష్ఠూరం లేదు. "నాకిలాగైనాదని సెప్తే నువ్వేటి సేసేదానివి? జాలి పడేదానివి. అమ్మ ఏడుస్తాదని, మావ మాట పోతాదని సరేననేదానివి. అది నాకెందుకే? సినిమా గురించైతే ఎవులూ మొగమాటపడరు. ఉన్నదే అంటారు."

"నలుగురూ నవ్వుతారని అన్నాను. నువ్వు నవ్వుతావని అన్నాను. నా మనసులో మాట కాదది. నీ మీద ఒట్టు. ఐదేళ్లు కాదు, పదేళ్లైనా నీ కోసం ఉంటాను."

అతను నా మొహంలోకి చూశాడు. నమ్మాలని ఎంత ఆశపడ్డాడో ఆ కళ్లలో కనిపించింది. చొక్కా చెయ్యి గుండీ తీసి మోచేతి దాకా మడిచాడు. ముంజేతి మీద తమలపాకంత మచ్చ, రాగి రంగులో. ఆ చేతిని మా ఇద్దరి మధ్యా బెంచీ మీద వెల్లకిలా పెట్టాడు.

చిన్నప్పుడు నాకు ఈత నేర్పిన చెయ్యి అది. పట్టుకోవాలనుకున్నాను. కూర్మనాథుడి సాక్షిగా అనుకున్నాను. నా చెయ్యి ఒళ్లోంచి లేవలేదు. ఇదిగో లేస్తుంది, ఇప్పుడు పట్టుకుంటాను అని నాలో నేను అనుకుంటూనే ఉన్నాను. కొంగు కింద వేళ్లు బిగుసుకుపోయాయి. ఆవరణ ఊడ్చే చీపురు చప్పుడు అటు చివరిదాకా వెళ్లి మళ్లీ మా వైపు వచ్చింది. అంతసేపూ బావ ఆగాడు. చెయ్యి కదపలేదు. నా వైపు చూస్తే నాకు కష్టంగా ఉంటుందని కాబోలు, తోట వైపు చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత నెమ్మదిగా చెయ్యి తీసేసుకుని, చొక్కా దించి, గుండీ పెట్టుకున్నాడు.

"పర్లేదే నీలేణీ" అన్నాడు. "ఎండెక్కకముందే ఎల్లండి. అమ్మకి నడక ఆయాసం."

ఐదేళ్లకి అతనికి పూర్తిగా నయమైందని కబురొచ్చింది. అప్పటికి నేను కోటబొమ్మాళి కోడల్ని, చంటిబిడ్డ తల్లిని. అతను ఊరికి రాలేదు, పెళ్లి చేసుకోలేదు, అక్కడే రోగులకి కట్లు కడుతూ ఉండిపోయాడు. ఆ రోజు నన్ను ఒక్క తిట్టు తిట్టి ఉంటే నేనీపాటికి మరిచిపోయేదాన్ని.