ఉల్టా మరల నాణెం

అద్దాల బీరువా మూడో అరలో, నల్ల మఖ్మల్ గుడ్డ మీద, నాన్న నాణెం ఉంది.

వాచీలు బాగుచేసే ఆమె గుమ్మంలోంచే దాన్ని చూసేసింది. చూడనట్టే పనిముట్లు తీసి బల్లమీద పరుచుకుంది. వేరే నాణెంలో ఇమిడ్చిన గడియారం ఆగిపోయిందని కబురొచ్చింది గాని, ఆమె వచ్చింది దానికోసం కాదు.

ఇంటాయన్ని వీధంతా భూతద్దం అంటారు. మెడలో గొలుసుకి అది వేలాడుతూనే ఉంటుంది. భోజనం దగ్గర కూడా తీయడు. లక్షణమైన పాత నాణేలను తొలిచి చేసిన చెత్త సరుకంతా ఆయన దగ్గరుంది. ఉల్లిపొర తెగని కత్తి, వెలగని లైటరు, ఉత్తరం తప్ప అన్ని దిక్కులూ చూపించే దిక్సూచి. ఏదీ తన పని చేయదు, నాణెంగానూ చెల్లదు. రెంటికీ చెడ్డ రేవడి.

ప్రతిదాని ముందూ ఒక చీటీ. 'రాణి ప్రేమలేఖ మోసిన నాణెం.' 'విషం దాచిన నాణెం.' నాన్న నాణెం ముందున్నది చదివి ఆమెకు ఒళ్లు మండింది: 'సరిహద్దులు దాటిన గూఢచారిది.'

నాన్న లేత్ మిషను వదిలి బస్టాండు దాటిన మనిషి కాదు. ఆ నాణేన్ని తొలిచి, మూత పెట్టి, లోపల అమ్మ ఫొటో దాచాడు. అమ్మకున్నది ఆ ఒక్క ఫొటోయే. కూతురికి ఏడాది నిండకముందే అమ్మ పోయింది. ఆ ముఖం ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. "నేను పోయాక చూసుకుందువులే. ఇప్పుడు తీస్తే ఏడుస్తాను" అనేవాడు నాన్న. ఆయన పోయిన వారానికే అన్నయ్య సామానంతా తెగనమ్మాడు.

"పాత ఇనుములో కలిపి ఇచ్చేశానే. చెల్లని నాణేనికి ఇంత ఏడుపేంటి?"

అది భూతద్దం బీరువాకి చేరిందని తెలిశాక, తిరిగి అడగమని అన్ననే పంపింది. "నా బీరువాలోకొచ్చింది నాతోపాటే బయటికి పోతుంది" అని భూతద్దం తలుపేశాడట.

బల్లమీద, ఆమె చేతిలో గడియారం టిక్కుమంది. భూతద్దం మురిసిపోయాడు.

"నీ చేతిలో పనుందమ్మాయ్! ఇదీ ఓసారి చూడు." నాన్న నాణేన్ని తనే తీసి ఆమె ముందు పెట్టాడు. "లోపల బోలు. ఏడుగురు చూశారు, మూత రాలేదు."

"ఎటు తిప్పారు సార్?"

"ఎటేమిటి? డబ్బా మూత ఎటు తిప్పుతాం, ఎడమకే! వేళ్లు బొబ్బలెక్కాయనుకో."

నాన్న ఉల్టా మరలు కోశాడు. 'దొంగ వెధవలంతా ఒకేవైపు తిప్పుతారే అమ్మలూ' అని నవ్వేవాడు. కుడికి తిప్పితేనే ఊడుతుంది. ఏడుగురు మేధావులు కలిసి దాన్ని మరింత బిగించి పెట్టారు.

వాచీల వెనక మూతలు తీసే రబ్బరు బంతి అందుకుంది. భూతద్దం కంటికి అద్దం పెట్టి ఆమె చేతిమీదికి వంగాడు. ఇప్పుడు ఊడితే అమ్మ కూడా బీరువాకే. ముందొక చీటీ: 'గూఢచారి ప్రియురాలు.'

"సార్, ఆ రాణి కథ నిజమేనా?"

అడగడమే ఆలస్యం.

"నిజమేనా అంటావా!" బీరువా వైపు తిరిగాడు. "ఆవిడ మొగుడు ఉత్త అనుమానప్పక్షి. ఓ రోజేం చేశాడంటే..."

బంతి నొక్కి కుడికి తిప్పింది. కదల్లేదు. రాణి కోటగోడ దిగింది. మళ్లీ తిప్పింది, మణికట్టు చుర్రుమనేదాకా. రాణి గుర్రమెక్కుతుండగా మూత వదిలింది. పట్టకారుతో ఫొటో లాగి, స్ప్రింగులు పెట్టుకునే డబ్బాలో వేసింది. మూత పెట్టి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఎడమకి బిగించింది. అక్కడ రాణి పట్టుబడింది.

"ఏమైంది?" భూతద్దం ఇటు తిరిగాడు.

"రాదు సార్. తెరవడానికి చేసింది కాదేమో."

ఆయన ముఖం చింకి చేటంతయింది. "నేనప్పుడే అనుకున్నా! ఇంతవరకూ ఎవరూ తెరవని నాణెం! ఇంకెవడి దగ్గరుందో చెప్పు!" వెంటనే కొత్త చీటీ రాయడానికి కూర్చున్నాడు.

"ఎవరి దగ్గరా ఉండదు సార్. జాగ్రత్తగా దాచుకోండి" అని ఆమె మెట్లు దిగింది.

వీధి మలుపులో డబ్బా తీసింది. గోరంత ఫొటో. అమ్మ కళ్లు చికిలించి, కెమెరా పట్టుకున్న వాణ్ణి నాలుక బయటపెట్టి వెక్కిరిస్తోంది. ఆ పట్టుకున్నది నాన్నే అయ్యుంటాడు.

ఆమె తలెత్తి చూసింది. మేడ కిటికీలో భూతద్దం నాణేన్ని వెలుతురుకి పట్టి, మళ్లీ ఎడమకి తిప్పుతున్నాడు. ఆమె కూడా కళ్లు చికిలించి, ఆ కిటికీకేసి నాలుక చాచింది.

పక్కనుంచి పోతున్న సైకిలాయన తననే అనుకుని గతుక్కుమన్నాడు.