గంజి పిన్ని నిలబడే తీరు

చావంటే ఆమెకు భయం లేదు. కూర్చోబెడతారేమోనని భయం.

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో, కాళ్ళు మొరాయించినవాళ్ళ కోసం వెనకాల ఒక గది ఉంది. అక్కడ పీటల మీద కూర్చుని చిరిగిన దుప్పట్లలోంచి బాగున్న గుడ్డ ఏరాలి. జీతంలో పెద్ద తేడా ఉండదు. కానీ ఆ గదిలోకి వెళ్ళాక మనిషికి పేరు పోతుంది. అందరినీ కలిపి ‘వెనకాలవాళ్ళు’ అంటారు, అంతే.

మొదటి బండి లోపలికి వచ్చేసరికే ఆమె ఇస్త్రీ బల్ల ముందు ఉంది. తడి దుప్పటి కొసలు పట్టుకుని ఒక్క విదిలింపు విదిలిస్తే అది ఫట్టుమని గాలిలో తెరుచుకుని, ముడత లేకుండా బల్ల మీద వాలాలి. వాలాక చేత్తో సర్దుకుంటే అది చేతకానితనం కింద లెక్క. ముంజేతుల మీద పాత కాలిన మచ్చలు, నాని నాని తెల్లబడిన గోళ్ళు, ఆవిరికి చెంపకంటుకున్న నెరిసిన పాయ. వీటన్నిటినీ మోస్తూ గడకర్రలాంటి వెన్ను. ఆ వెన్నును చూసే అందరూ గంజి పిన్ని అన్నారు. పిల్లప్పుడు తొట్ల దగ్గర తడి సిమెంటు మీద వట్టి కాళ్ళతో మొదలైన పని. మొగుడు పోయిన ఏడాది కూడా ఈ బల్ల ముందే నిలబడింది. కూతురు ఈ మురికిబట్టల బుట్టలు పట్టుకునే అడుగులు నేర్చింది.

ఇప్పుడు మడమలో మేకు దిగుతోంది. అడుగు వేసినప్పుడల్లా దిగుతోంది. డాక్టరు చూసి, ఆమె పాదం కొలతకే చేయించిన తోలు అట్టలు బూట్లలో వేసుకుంటేనే నిలబడగలదని రాశాడు. అవి మామూలు ధరకు వచ్చేవి కావు, ఆరోగ్య బీమా ఇవ్వాలి. బీమావాళ్ళు కుదరదన్నారు. తప్పు వాళ్ళది కాదు, పిన్నిదే.

పాదాల అచ్చులు తీసే ఆయన కొట్లో సిరా రబ్బరు కింద కాగితం పరిచి, పైన నిలబడమన్నాడు. ముద్ర అనేసరికి పిన్నికి ఫొటో అన్నట్టే తోచింది. ఊపిరి బిగబట్టింది, వేళ్ళు ముడిచింది, అరికాలు పైకి లాగింది. కాగితం మీద చక్కని వంపుతో పెళ్ళికూతురి పాదం పడింది. దాన్ని చూసి బీమా ఆఫీసు, పాదం లక్షణంగా ఉంది, సుఖం కోసం వేసుకునే అట్టలు చికిత్స కిందికి రావు అని తేల్చింది.

"అక్కడేమన్నా అందాల పోటీ పెట్టారామ్మా?" అని కూతురు తల పట్టుకుంది.

"చూపించమన్నారు. చూపించేది శుభ్రంగా చూపించొద్దూ?"

చంకలో పసిపిల్లతో కూతురు ఆ ఆఫీసు మెట్లు ఎక్కిదిగి, కౌంటరు దగ్గరి అమ్మాయి విసుక్కున్నా కదలకుండా కూర్చుని, ఒప్పించి వచ్చింది. పని చేసే చోటే ముద్ర తీసి పంపితే ఇంకొక్కసారి చూస్తారు. అది కూడా కాదంటే వెనక గదే.

పొద్దెక్కుతుండగా అచ్చులాయన సంచి భుజాన వేసుకుని వచ్చాడు, వెంట పిల్లనెత్తుకుని కూతురు. బల్ల ముందు నేల మీద కాగితం, దానిమీద రబ్బరు పలక పరిచాడు. పిన్ని బూట్లు విప్పి ఎక్కింది. ఎక్కగానే మళ్ళీ వెన్ను బిగిసింది.

"అమ్మా, వదులు!" అంది కూతురు.

"వదిలే ఉన్నానే!"

"నువ్వు వదిలితే ఇలా ఉంటావా? జెండా కర్రలా ఉన్నావు."

పక్క బల్ల దగ్గర పనిచేసే ఆమెని అందరూ వసపిట్ట అంటారు, ఆ నోరు ఊరుకుంటుందా? "అయ్యగారూ, ఆవిడ నిద్దర్లో కూడా అటెన్షనే. ముద్ర కావాలంటే పని పెట్టండి, పనిలో పడితే ఒళ్ళు తెలీదు."

అదే జరిగింది. ఆపరేషను గది బట్టలు ఆలస్యమయ్యాయని సూపర్‌వైజరు కేకేశాడు. తడి బండి వచ్చి బల్లకి ఆనింది. పిన్ని చెయ్యి మొదటి దుప్పటి అందుకుంది, ఫట్. రెండోది, ఫట్. ఆవిరి లేచింది. కాసేపటికి ఆమె అక్కడ కాగితం ఉందని మరిచింది, కూతుర్ని మరిచింది, పాదాల్ని కూడా మరిచింది. అవి మెల్లగా లోపలికి ఒరిగి, తమ అసలు బరువుతో నేలమీద పరుచుకున్నాయి.

బండి ఖాళీ అయ్యాక అచ్చులాయన కాగితం తీశాడు. వంపు లేదు, నడుము లేదు. మడమ నుంచి వేళ్ళదాకా ఇటుకలా నిండుగా ఒకే నలుపు.

"పిన్నీ, గంజి దిగిపోయింది!" అంది వసపిట్ట. తర్వాత ఆమె కూడా నవ్వలేదు.

పిన్ని చాలాసేపు చూసింది. ఇది ఎవరెవరో కొత్తవాళ్ళ చేతుల్లోకి వెళ్తుంది. ఆఫీసు బల్లల మీద తిరుగుతుంది. చెవులు వేడెక్కాయి. కాగితం ఇమ్మన్నట్టు చెయ్యి చాపింది. చింపేస్తుందేమోనని కూతురు గబుక్కున ముందుకు వచ్చింది.

"ఇక్కడ మచ్చ పడింది," అంది పిన్ని, బొటనవేలి దగ్గర అలుక్కున్న సిరా చూపించి. "మచ్చపడ్డది ఈ బల్ల మీంచి బయటికి పోలేదు ఎప్పుడూ. ఇంకోటి తీయండి. ఇంత వెడల్పుగానూ రావాలి, చక్కగానూ రావాలి."

ఈసారి తనే, ఎవరూ చెప్పకుండానే, ఊపిరి వదిలి నిలబడింది. కూతురు పిల్లని ఎత్తి చూపించింది: "చూడు, మీ అమ్మమ్మ."

బీమావాళ్ళు ఒప్పుకున్నారు. అట్టలు వచ్చాయి. వాటిమీద పిన్ని ఆ బల్ల ముందు ఇంకా చాన్నాళ్ళు నిలబడింది. వెనక గది తలుపు వైపు తలైనా తిప్పలేదు. ఒక సాయంత్రం ఆఖరి దుప్పటి మడిచి, ఇంటికి వచ్చి, మనవరాలి పక్కన కాస్త నడుం వాల్చి, లేవలేదు.

ఇప్పుడు ఆ బల్ల ముందు వసపిట్ట ఉంటోంది. ఈమధ్య మాటలు తగ్గించిందట. మీరు అటుగా వెళ్తే ఒకసారి ఆమెని పలకరించండి. కాళ్ళెలా ఉన్నాయంటే, "నాకేం, రాళ్ళలా ఉన్నాయి" అంటుంది. నమ్మకండి, తడి బండి వచ్చేదాకా ఆగి ఆమె పాదాలు చూడండి. ఆమె తలకి పైన, సబ్బు అరలో, పిన్ని అట్టలు ఉంటాయి. ఇంకెవరి బూట్లలోనూ ఇమడవు కాబట్టి ఎవరూ తీసుకోలేదు. మడమ ఆనినచోట తోలు నల్లగా, నున్నగా మెరుస్తూ ఉంటుంది.