మత్తు దిగేలోపు

డ్రైవింగ్ మాస్టారికి మోకాల్లో గుజ్జు చిరిగింది. చిన్న ఆపరేషనేనన్నాడు డాక్టరు. నడుముకి మత్తు సూది వేసి, మోకాలికి రెండు చిన్న గాట్లు పెట్టి, భోజనాల వేళకల్లా ముగించేశారు. మాస్టారు మెలకువగానే ఉండి, తెర మీద తన మోకాలి లోపలి భాగం చూస్తూ డాక్టరుతో జోకులు కూడా వేశాడు.

వార్డుకి తెచ్చాక భార్య వచ్చి మంచం పక్కన కూర్చుంది. అతని పాదాన్ని గట్టిగా గిల్లింది.

"తెలుస్తోందా?"

"ఏం తెలియట్లేదే. కాళ్లు నావి కానట్టున్నాయి. సాయంత్రం దాకా ఇంతేనట."

"అయితే వినండి. నేను మా అక్క దగ్గరికి వెళ్లిపోతున్నా. ఇక రాను."

అతను నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

"బాత్రూంలో జారిపడ్డానని డాక్టరుకి చెప్పారుగా. నేను లోపల గడియ పెట్టుకుంటే, ఆ తలుపుని తన్ని తెచ్చుకున్న నొప్పి ఇది. ఇన్నేళ్లూ వెళ్లిపోతానని చెప్పాలంటే మీ కాళ్లకి భయపడ్డాను. ఇప్పుడు లేచి తన్నండి, చూద్దాం."

"ఒసేయ్! ఇంటికొచ్చాక నీ సంగతి చెప్తా!" అంటూ లేవబోయాడు. నడుము కింద ఏదీ కదలలేదు.

ఆమె తాపీగా లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకుని వెళ్లిపోయింది. నర్సు పరుగున వచ్చి అతని భుజాలు అదిమింది.

"తల ఎత్తకూడదండీ! ఏం కావాలి?"

"మా ఆవిడని పిలవండి."

"టీకి వెళ్లుంటారు. వచ్చేస్తార్లెండి," అంటూ నర్సు దుప్పటి కప్పింది.

అతను కళ్లు మూసుకున్నాడు. అంతా విన్న పక్క మంచం ముసలాయన మాత్రం అతని మీంచి చూపు తిప్పుకోలేదు.