కాళ్ల మీదే వెలుగు

అతను గేటు దగ్గర టికెట్లు చింపుతూ, ఆలస్యంగా వచ్చినవాళ్ల కాళ్ల ముందు టార్చి వేసి మెట్లు చూపిస్తున్నాడు. ముఖాల మీద లైటు వేయకూడదు. సినిమా హాల్లో చేరిన రోజు నేర్పిన ఈ నియమం జుట్టు నెరిసినా తప్పలేదు.

ఆ మధ్యాహ్నం సినిమా కాదు, ఒపేరా. మాటలన్నీ పాటల్లోనే చెప్పుకునే నాటకం. ఎక్కడో దూరదేశంలో ఆడుతుంటే ఇక్కడ తెర మీద అప్పటికప్పుడు కనిపిస్తుందట. ఆ మాట వినగానే అక్క తయారైపోయింది. అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆవిడే. ఇప్పుడు గుండెజబ్బు మనిషి. వద్దని మేనకోడలు మొత్తుకుంది. మాటిమాటికీ చూసుకుంటానని మాటిచ్చి, అక్కను తలుపు పక్క సీట్లో కూర్చోబెట్టాడు.

"నిజంగా ఇప్పుడే పాడుతున్నారా? అయితే గొంతు జీరపోతే మనకీ తెలిసిపోద్ది కదరా," అంది అక్క, చెప్పులు విడిచి సీటు కిందకి తోసేస్తూ. ఎక్కడ కూర్చున్నా ఆవిడకదే అలవాటు. ఇదేమన్నా మన ఇల్లా అని విసుక్కున్నాడు.

ఆట అతనికి బొత్తిగా అంతుపట్టలేదు. కత్తిపోటు తిన్నవాడు వైద్యుణ్ణి పిలవకుండా పాట ఎత్తుకున్నాడు. అది అయ్యాక హాల్లో జనం చప్పట్లు కొట్టారు. ఎవరికి వినపడాలనో! వేదిక ఖాళీ అయితే ఆట అయిపోయిందనుకుని తలుపులు బార్లా తీశాడు. విశ్రాంతి అట. నలుగురు నవ్వితే నాలుక కరుచుకున్నాడు.

మధ్యమధ్య అక్క దగ్గరికి వెళ్లి టార్చి వేశాడు, కాళ్ల మీదే. వట్టి కాళ్లు చాపుకుని హాయిగా ఉంది. మనసు కుదుటపడి మళ్లీ గేటు దగ్గరికి వచ్చాడు.

చివర్లో నాయిక చచ్చిపోయింది. ఎందుకో అతను గేటు వదిలి రెండడుగులు లోపలికి వేశాడు. అంతలోనే ఆమె లేచి, నవ్వుతూ అందరికీ తల వంచింది. ఇదెక్కడి చోద్యమో తెలియక నోరు తెరుచుకుని చూశాడు. లైట్లు వెలిగాయి, జనం వెళ్లిపోయారు. అక్క లేవలేదు.

అంత వెలుతురులోనూ టార్చి తీసి ముఖం మీద వేశాడు.

"ఆవిడ లేచింది కదక్కా. నువ్వూ లే," అన్నాడు.

అక్క ఏ పాట దగ్గర పోయిందో అర్థం కాలేదు. కాళ్లు అప్పుడూ అలాగే ఉన్నాయి, ఇప్పుడూ అలాగే ఉన్నాయి. దుఃఖం ముంచుకొచ్చింది.

మేనకోడలు వచ్చి తల్లిని తీసుకెళ్లింది. ఊడ్చే ఆమె వచ్చి, ఈ వరుస కూడా ఊడ్చేయనా అని అడిగింది. కాసేపు ఆగమన్నాడు. సీటు కింద అక్క చెప్పులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.