సిగ్నల్ వరహాలు చెప్పిన చదువు

వరహాలు చెయ్యెత్తింది పిల్లలకు చదువు చెప్పడానికి కాదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. లేకపోతే అతనేదో మహా త్యాగమూర్తి అనుకుని మీరు దండలు పట్టుకొస్తారు.

ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా పునాదిరాయి దగ్గరే ఉన్న రోజులు. మల్కాపురంలో ఒక చిన్న బడి ముందు ఆదివారం పొద్దున్న మీటింగు పెట్టారు. ఇంట్లో పట్టించుకునే దిక్కులేని పిల్లలు, చదువులో వెనకబడ్డ పిల్లలు బడి మానేసి పోతున్నారని హెడ్‌మిస్ట్రెస్ కాశమ్మ గారికి బెంగ. పేటలో పెద్దవాళ్ళే తలా ఒక బిడ్డని దగ్గరకు తీసి, శనివారం శనివారం రెండు గంటలు కూర్చుని నాలుగు ముక్కలు చెప్పాలని ఆవిడ ఆలోచన.

"జీతం లేదు, బత్తెం లేదు. మనసుంటే చాలు. ఎవరు ముందుకొస్తారు?" అని మైకులో అడిగారు.

జనమంతా కాళ్ళ బొటనవేళ్ళు చూసుకుంటున్నారు. సరిగ్గా అప్పుడే వీరన్న అనే ఆసామి నిచ్చెనెక్కి వేపచెట్టు మీదకి రెండో లౌడ్‌స్పీకరు గొట్టాన్ని తాడుతో లాగుతున్నాడు. గొట్టం వెళ్ళి కొమ్మకు కొట్టుకోబోయింది. మన వరహాలు పోర్టులో పద్దెనిమిదేళ్ళుగా సిగ్నల్ కలాసీ. ఓడ మీద నిలబడి, సరుకు ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు దించాలో బరువులెత్తే వించి డ్రైవరుకి చేతులతో చెప్పడం అతని ఉద్యోగం. ఆ వించి డ్రైవరు ఈ వీరన్నే. బరువు దేనికైనా తగలబోతే వరహాలు చెయ్యి వరహాలుని అడగదు. తనంతట తనే లేచి పిడికిలి బిగిస్తుంది, ఆగు అని. వీరన్న ఆగాడు. గొట్టం బతికింది.

"శభాష్! మొదటి చెయ్యి లేచింది! పేరు రాసుకోండి," అన్నారు కాశమ్మ గారు. చప్పట్లు మోగాయి.

"నాను గాదండీ, ఆ గొట్టం..." అన్నాడు వరహాలు. అతని మాట అతని చొక్కాకి కూడా వినపడలేదు. వించి మోతలో గొంతు చించుకున్నా ఎవరికీ వినపడదని ఎప్పుడో నోరు వాడడం మానేసిన మనిషి. ఇంట్లో భార్య అసిరమ్మ పులుసు వడ్డిస్తుంటే, ఇంకాస్త పొయ్యి అనడానికి చూపుడువేలు పైకెత్తి గిరగిరా తిప్పుతాడు, చాలు అనడానికి పిడికిలి చూపిస్తాడు. "ఇది కాపరమా, ఓడ సరుకా?" అని ఆవిడ రోజుకోసారి గరిటె విసిరేస్తుంది.

ఇలాంటివాడికి కాశమ్మ గారు ఏరికోరి సీతాలుని అప్పజెప్పారు.

సీతాలుది సముద్రం మీద బతికే కుటుంబం. తల్లి జ్వరానికి పోయింది, తండ్రి తుఫానుకి పోయాడు. అమ్మమ్మ గంగాలమ్మ ఎండుచేపల బుట్ట నెత్తిన పెట్టుకుని పెందుర్తి దాకా తిరిగి ఆ పిల్లని సాకుతోంది. పిల్ల మూడో తరగతిలో ఉండబట్టి ఇది రెండో ఏడు. బడిలో చేరిన కొత్తలో ఎవడో వెధవ చేపల వాసనని ముక్కు మూసుకున్నాడట. వాడు ముక్కు మూశాడు, ఇది నోరు మూసింది. అప్పట్నుంచి బడిలో ఒక్క మాట లేదు.

గంగాలమ్మ బుట్ట దించి వరహాలుకి ఉన్నదున్నట్టు చెప్పింది. "బాబూ, ఇంటికాడ దీని నోటికి అడ్డూ ఆపూ నేదు. బడికొత్తే ఏటైపోతాదో మరి. ఈపాలి గానీ తప్పిందా, నాతోపాటు దీని నెత్తినా బుట్ట పెట్టెత్తాను. నానెన్నాళ్ళుంతాను?"

కాశమ్మ గారి మాటా అదే. సంవత్సరం చివర ఇన్‌స్పెక్టరు వస్తారు. ఆయన అడిగినదానికి పిల్ల నోరు తెరిచి జవాబు చెబితే నాలుగో తరగతి, లేకపోతే పేరు కొట్టివేత.

మొదటి శనివారం వరహాలూ సీతాలూ బడి మెట్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారు. రెండు గంటలు. అతనికి మాట్లాడడం చేతకాదు, ఆ పిల్లకి ఇష్టం లేదు. అరుగు మీద కాకి ఒక్కటే మాట్లాడింది. రెండో శనివారం అదీ రాలేదు.

మూడో శనివారం ఒక మేక వచ్చి, మెట్ల పైన గోడకి తగిలించిన ఎక్కాల చార్టు తినడం మొదలుపెట్టింది. వరహాలు చూపుడువేలు దానంతటదే పైకి లేచి, ఎత్తు అన్నట్టు గిరగిరా తిరిగింది. సీతాలు ఆ వేలు చూసింది, టకటకా మెట్లెక్కింది, మేకని తోలేసింది. అతను అలవాటుకొద్దీ అరచెయ్యి బోర్లించి కిందికి ఆడించాడు. ఆ పిల్ల ఒక్కో మెట్టూ దిగింది. పిడికిలి చూపించాడు. ఒక కాలు గాల్లో ఉండగానే ఆగిపోయింది. ఆగిపోయి, నవ్వింది.

వరహాలుకి ఒళ్ళు ఝల్లుమంది. పద్దెనిమిదేళ్ళలో వీరన్న కూడా ఇంత బాగా ఆగలేదు!

ఇంక చూడండి. నేల సున్నా అయింది, మెట్లు అంకెలయ్యాయి. అయిదు ఎక్కు, రెండు దిగు, ఎక్కడున్నావు? మూడో మెట్టు. మెట్లు పన్నెండే గనక పెద్ద లెక్కలకి గోడ పక్కనున్న ఇటుకల గుట్ట కూడా ఎక్కించాడు. నెల తిరిగేసరికి కూడికలూ తీసివేతలూ ఎక్కాలూ ఆ పిల్లకి మంచినీళ్ళ ప్రాయమైపోయాయి. చూసి చూసి మూడో తరగతి పిల్లలంతా వచ్చి మెట్ల మీద చేరారు. అతను వేలెత్తితే ముప్ఫై మందీ ఎక్కడం, అరచెయ్యి దించితే దిగడం, చెయ్యి పక్కకి చాపితే అటు జరగడం. చివర రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా పెట్టి విప్పితే షిఫ్టు అయిపోయినట్టు, ఇంక ఇంటికి పోవచ్చు. ముక్కు మూసుకున్న వెధవ కూడా సీతాలు వెనకే బుద్ధిగా ఎక్కి దిగుతున్నాడు.

అంతా బాగుంది, ఆ పిల్ల నోరు తప్ప.

"నోటితో సెప్పమ్మా," అని వరహాలు గొణిగాడు. సీతాలు అతని నోటి వైపు చూసింది. నువ్వు చెప్పావేటి, నన్నంటన్నావు అన్నట్టు చూసింది. అతనికి సిగ్గేసింది.

సరే, ముందు తను నేర్చుకుందామని పెరట్లో నిలబడి "మూడూ! నాలుగూ!" అని అరవడం మొదలుపెట్టాడు. అసిరమ్మ దయ్యం పట్టిందని వేపమండలు తెచ్చి రెండు బాదింది. పోర్టులో ఒకరోజు ధైర్యం చేసి "ఎత్తరా!" అని నోరారా కేకేశాడు. వీరన్న వించి ఆపేసి నిచ్చెన దూకి పరిగెత్తుకొచ్చాడు. "బావా! ఏటైనాది బావా? ఎవులికి దెబ్బ తగిలీసినాది?" అని ఒళ్ళంతా తడిమాడు. మేస్త్రీ ఇద్దర్నీ కలిపి తిట్టాడు. దాంతో గొంతు మళ్ళీ లోపలికి పోయింది.

ఇన్‌స్పెక్టరు రానే వచ్చారు. పేరు రమణమూర్తి గారు. ఆ ఉదయం కాశమ్మ గారు వరహాలుని పిలిచి, "మీరు వెనక బల్ల మీద కూర్చోండి. చేతులు మాత్రం బయటికి రాకూడదు. సైగలు చేశారని ఆయనకి అనుమానమొస్తే పిల్ల కొంప మునుగుతుంది," అన్నారు. వరహాలు చేతులు కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు.

ఇక్కడో చిక్కు ఎవరూ ఊహించలేదు. రమణమూర్తి గారు చాలా మంచివారే గానీ, చేతులు ఊపకుండా మాట్లాడలేరు.

"కూర్చోండి, కూర్చోండి," అంటూ అరచెయ్యి కిందికి ఆడించారు. పిల్లలు కూర్చున్నారు. ఆయన ఇంకా ఆడిస్తూనే ఉన్నారు. పిల్లలు బల్లల మీంచి నేల మీదకి జారారు. నేల మీద బోర్లా పడుకున్నారు.

"అదేమిటి? లేవండి! విద్య అనేది మనిషిని..." అంటూ చూపుడువేలు పైకెత్తి తిప్పారు. పిల్లలు లేచారు. బల్లలెక్కారు. ఆయన విద్య గురించి చెప్పినంతసేపూ వేలు తిరుగుతూనే ఉంది, పిల్లలు మునివేళ్ళ మీద లేస్తూనే ఉన్నారు. "ఆ నల్లబల్ల వైపు చూడండి!" అని ఎడమకి చెయ్యి చాపారు. ముప్ఫై మందీ ఎడమకి జరిగి గోడకి అతుక్కున్నారు. ఆయన పిడికిలితో టేబులు మీద గుద్దారు. అందరూ ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయారు. తల గోక్కుంటున్నవాడు గోక్కుంటూనే ఆగాడు.

కాశమ్మ గారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. వరహాలుకి కింద చేతులు రెండూ తిమ్మిరెక్కి తన్నుకుంటున్నాయి.

"చాలు! చాలించండి ఈ వేషాలు!" అని ఇన్‌స్పెక్టరు గారు రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా పెట్టి విప్పారు.

షిఫ్టు అయిపోయింది. పిల్లలు పలకలు సర్దుకుని, ఆ బడి చరిత్రలో మొదటిసారి తోపులాట లేకుండా వరసగా బయటికి నడిచి, గేటు దాటి ఇళ్ళకి పోయారు.

సీతాలు కూడా గుమ్మం దాకా వెళ్ళింది. గేటు దగ్గర గంగాలమ్మ కూర్చుని ఉంది. పక్కన రోజూ ఉండే పెద్ద బుట్ట కాకుండా, కొత్తగా ఒక చిన్న బుట్ట కూడా ఉంది. పిల్ల దాన్ని కాసేపు చూసింది. వెనక్కి తిరిగి వచ్చి, ఖాళీ తరగతిలో తన చోట నిలబడింది.

"ఎవరిదీ నిర్వాకం?" ఇన్‌స్పెక్టరు గారి మొహం కందగడ్డలా అయింది.

వరహాలు లేచాడు. "నాదేనండి," అన్నాడు. పెదాలు కదిలాయంతే.

"ఏమిటయ్యా ఆ గొణుగుడు? కాశమ్మ గారూ, చదువు రాని కలాసీని తెచ్చి పిల్లల్ని కోతుల్లా ఆడిస్తారా? ఇవాళ్టినుంచి ఈ మనిషి బడి గడప తొక్కకూడదు. ఈ పిల్లేనా సీతాలు? చెప్పు. ఏడులో నాలుగు పోతే ఎంత?"

సీతాలు వరహాలు చేతుల వైపు చూసింది.

"చూశారా? బెల్లం కొట్టిన రాయి! ఇదీ ఈయన ఉద్ధరించిన చదువు. ఈ మనిషికే ఏమీ రాదు, పిల్లకేం చెబుతాడు?" అని ఆయన రిజిస్టరు తెరిచి కలం మూత తీశారు.

"మూడు!"

కలం ఆగింది.

"మూడు! ఏడులో నాలుగు పోతే మూడు! పదమూడులో ఆరు పోతే ఏడు! ఏడేళ్ళ నలభై తొమ్మిది! మా మావకి సదువు రాదంటావేటి? నువ్వు దిగమంటే దిగినాం. ఎక్కమంటే ఎక్కినాం. ఎల్లిపొమ్మన్నావు, ఆళ్ళు ఎల్లిపోనారు. సెయ్యెలగ ఊపాలో నీకు తెల్దు, మా మావనంటావా? నీ సేతి కింద ఓడ గానుంటే ఈపాటికి సరుకంతా సముద్రంలో ఉండును! మనుసులు గూడా ఉందురు!"

ఇన్‌స్పెక్టరు గారు గాభరాగా అరచెయ్యి కిందికి ఆడించారు. పిల్ల తగ్గలేదు. పిడికిలి చూపించారు. ఆగలేదు. "సెయ్యి దించు ముందు!" అంది. వరహాలుకి భయమేసి తనే పిడికిలి ఎత్తాడు. సీతాలు అది చూసింది. "నువ్వూరుకో మావా!" అని కసిరి, పన్నెండో ఎక్కం అందుకుంది.

పద్దెనిమిదేళ్ళలో అతని పిడికిలి చూసి ఆగనిది ఆ పిల్ల ఒక్కతే. వరహాలుకి కళ్ళనీళ్ళు ఆగలేదు. సంతోషం, మరేమీ కాదు.

గంగాలమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "అద్గదీ! ఇదీ నా మనవరాలు. దినామూ నాను పడతన్నది ఇదే బాబూ, ఇప్పుడు మీరూ పడండి," అంది ఇన్‌స్పెక్టరుతో, సంబరంగా.

"పాస్! రాసేశానమ్మా, పాస్! నాలుగో తరగతి!" అన్నారు రమణమూర్తి గారు చెమట తుడుచుకుంటూ. "ఇంక ఊరుకో తల్లీ!"

"మరి మావో?"

"రమ్మను! రోజూ రమ్మను!"

అప్పటికి పన్నెండో ఎక్కం ఆగింది. కాశమ్మ గారు ఇన్‌స్పెక్టరు గారిని కాఫీకి తీసుకుపోయారు. గంగాలమ్మ చిన్న బుట్టని తీసి పెద్ద బుట్టలో బోర్లించింది. రెండూ కలిపి నెత్తిన పెట్టుకుని, ఆలస్యమైపోతోందని ఒక్కతే అమ్మకానికి వెళ్ళిపోయింది.

తరగతిలో ఇద్దరే మిగిలారు. పిల్ల వచ్చి వరహాలు తువ్వాలు చెంగు పట్టుకుంది.

"ఎక్కువ తిట్టీసినానా మావా?" అని మెల్లిగా అడిగింది.

"నేదమ్మా," అన్నాడు వరహాలు. గేటు దాకా వినపడేంత గట్టిగా అన్నాడు. "సరిపోనాది."